కాషాన్ పాత్రల బంగారు మెరుపు: పూతదా, పొగదా?

కుమ్మరిచక్రం
ఇరాన్‌లోని కాషాన్‌లో 12, 13 శతాబ్దాల్లో చేసిన లస్టర్ పాత్రల (లోహంలా మెరిసే మట్టిపాత్రల) మెరుపులో బంగారం రవ్వంత కూడా లేదు. ఉన్నవి వెండి, రాగి. ఆ రెండింటి పాళ్లు కుదిరితే మెరుపు మళ్లీ తెప్పించవచ్చని నా వాదన. వెండి ఎక్కువైతే పసుపు, రాగి ఎక్కువైతే ఎరుపు.

బట్టీమంట
పాళ్లతో రంగు తేలుతుంది, మెరుపు తేలదు. 1301లో ఈ పాత్రల తయారీ గురించి రాసిన కాషాన్ వాడు అబుల్ కాసిం పూత దినుసులు చెప్పి ఊరుకోలేదు, మూడు రోజులు పలుచని పొగలో కాల్చమన్నాడు. అసలు పని అక్కడే ఉంది.

గ్లేజు, అంటే పాత్ర మీది గాజులాంటి పొర, ముందే కాలి ఉంటుంది. రాగి, వెండి సమ్మేళనాలను కావిమట్టితో కలిపి, వినెగర్‌లో నూరి దాని మీద పూస్తారు. మళ్లీ 550–600 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. ఆ వేడికి గ్లేజులోని సోడియం, పొటాషియం అయాన్లు (విద్యుదావేశమున్న అణువులు) బయటికొచ్చి, వాటి చోట్లోకి రాగి, వెండి అయాన్లు దిగుతాయి. పొగ పెట్టాల్సింది అప్పుడు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాటిని లోహంగా మార్చితే కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల కణాలు ఏర్పడతాయి. తొందరపడి ముందే పొగ పెడితే లోహం పూతలోనే నిలిచిపోతుంది, చల్లారాక తడిమట్టితో రుద్దితే దానితోపాటే ఊడిపోతుంది. వేడి మితిమీరితే గ్లేజు మెత్తబడి కావిమట్టి అతుక్కుంటుంది, ఇక ఎంత రుద్దినా గరుకే.

1557 ప్రాంతంలో ఇటలీలో కుమ్మరిపని మీద పుస్తకం రాసిన పికోల్‌పాసో, నూరు పాత్రల్లో ఒక్కోసారి ఆరే బాగా వస్తాయని రాశాడు. పాళ్లు తెలిసినవాళ్ల సంగతే అది!

కుమ్మరిచక్రం
వరస ఒప్పుకుంటాను. కానీ ఒకే బట్టీలో, ఒకే పొగలో కాలిన రెండు పెంకుల్లో ఒకటి మెరిసి ఒకటి మెరవకపోతే?

సీసంగ్లేజు
అప్పుడు చూడాల్సింది అడుగునున్న గ్లేజును. మీరిద్దరూ దాన్ని వదిలేశారు. 9వ శతాబ్దపు ఇరాక్ తొలి బహువర్ణ లస్టర్లలో రంగులు బాగానే ఉన్నాయి, లోహపు మెరుపు తక్కువ. తర్వాత గ్లేజులో సీసం పెరిగింది, బంగారు మెరుపు వచ్చింది. సీసం ఉంటే అయాన్లు లోతుకు పోలేవు, కణాలు మైక్రోమీటరు కన్నా పలుచని పొరలో దట్టంగా చేరతాయి. చెదిరి ఉన్న వెండి కణాలు నీలి వెలుగును మింగి పసుపు రంగు మాత్రం చూపిస్తాయి. దట్టంగా ఉంటేనే వెలుగును లోహపు రేకులా తిప్పికొడతాయి.

బట్టీమంట గారూ, మీ పలుచని పొగకు కారణం కూడా ఇక్కడే ఉంది. పొగ ముదిరితే గ్లేజులోని సీసం కూడా లోహమై పాత్ర నల్లబడుతుంది.

బట్టీమంట
సీసం మాట నిజమే. అయినా సీసం గ్లేజు మీద కూడా పొగ వేళ తప్పితే మెరుపు రాదు. ఒకే పూత తీసుకుని, సీసమున్న పెంకులు రెండు, లేనివి రెండు చేయండి. సీసమున్నదొకటి, లేనిదొకటి కలిపి ఒక్కో జతను ఒక్కో బట్టీలో, ఒకదానిలో మొదటి నుంచీ పొగతో, రెండోదానిలో ఆఖరున పొగతో కాల్చండి. నాలుగూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం.