బే ఏరియాలో డిస్క్ గోల్ఫ్: ఏ కోర్సులు చూడాలి?

తిరుపతి నుంచి మూడు వారాలకు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి (బే ఏరియా) సన్నీవేల్ వెళ్తున్నా. డిస్క్ గోల్ఫ్ అంటే పళ్లెంలాంటి డిస్కుని వీలైనన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేసే ఆట; నాకు ఎస్వీయూ గ్రౌండ్‌లో విసిరే అలవాటే తప్ప అసలు కోర్సు చూడలేదు. ఎక్కడికి పోవాలి, ఎన్ని డిస్కులు తీసుకెళ్లాలి?

కపిలతీర్థం కుర్రోడు: మొదట శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్క్. 18 హోల్స్, అన్నీ చెట్ల మధ్యే. బలం కాదన్నా, గురి కావాలి. డ్రైవర్ (దూరం పోయే డిస్క్) సంచిలోనే ఉంచి మిడ్‌రేంజ్‌తో (మధ్యస్థ దూరానికి వాడేది) ఆడు. మూడు డిస్కులు చాలు.

ఘాట్‌రోడ్డు: శాంటా క్రూజ్‌లో డెలవియాగా కోర్సు వదలొద్దు. 17వ నంబరు హైవే మలుపులు మన తిరుమల ఘాట్‌ని గుర్తుచేస్తాయి. శని, ఆదివారాల్లో బీచ్ జనంతో జామ్, పొద్దున్నే బయల్దేరు. 27వ హోల్ పేరు ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’. టీ (మొదటి విసురు విసిరే చోటు) మీద నిలబడితే మాంటెరే బే కనిపిస్తుంది. అంత పల్లంలోకి విసిరితే డిస్క్ గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, వేగం తగ్గేకొద్దీ ఎడమకు లాగేస్తుంది (కుడిచేత్తో, చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరే బ్యాక్‌హ్యాండ్ అయితే). అందుకే గురి బుట్టకు బాగా కుడివైపు పెట్టాలి. ఎదురుగాలి ఉంటే లెక్క తిరగబడుతుంది: తేలిక డిస్క్ కుడికి పొర్లిపోతుంది, 170 గ్రాముల పైది వాడు.

డిస్క్ పొదల్లో పడితే చెయ్యి పెట్టకు. మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ అనే మొక్క తగిలితే దురదతో వారం నిద్రుండదు. ఫుల్ ప్యాంటు తప్పనిసరి.

కపిలతీర్థం కుర్రోడు: ఇంకోటి, బుట్టకు 10 మీటర్ల లోపల విసిరాక నిలదొక్కుకునేదాకా ముందుకు అడుగెయ్యకూడదు. మన గ్రౌండ్‌లో అందరూ చేసే తప్పే అది. లాస్ ఏంజిలిస్ వైపు పోతే ఓక్ గ్రోవ్ చూడు, 1975 నాటి మొట్టమొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు.