జేట్పాటా, జేటుపాటా?

మూలాపేట, నెల్లూరు: విరాటపర్వంలో, ఆకలిగొన్న సింహంలా అర్జునుడు కౌరవసేన మీదికొచ్చే తిక్కన శార్దూల పద్యమొకటి నన్ను రెండు రోజులుగా వదలడం లేదు. "సింగం బాఁకటితో గుహాంతరమునం జే..." దాకా గుర్తుంది. ఆపైన "ట్పాటుమై"యా, "టుపాటుమై"యా? గణాలు కట్టడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నా. "ట్పా" అనే ఎక్కించా. శార్దూలంలో పాదానికి 19 ఉండాలి, అదేమో 20 అక్షరాలంటోంది.

కావలి: అన్నా, పాఠం సరైనదే, తెగ్గొట్టడంలోనే తేడా. అక్షరాలు విడగొట్టే పాత లైబ్రరీలు పొల్లు దగ్గర తుంచేస్తాయి: జే, ట్, పా, టు. సంయుక్తాక్షరాన్ని ఒకటిగా పట్టే నియమం, కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లోకి 2023లో, 15.1తో వచ్చింది. ఈ పాదంలో సంయుక్తం అదొక్కటే. అందుకే సరిగ్గా ఒకటి ఎక్కువ. పైథాన్ పొడవు లెక్క, ఉత్త లెన్ అడిగితే "జేట్పాటు" ఒక్కదానికే 8 చెబుతుంది, గుణింతాలూ పొల్లూ విడివిడిగా లెక్కేసి.

మూలాపేట: పాతదే వాడా. దాన్ని సర్దడానికి పొల్లుకో ఇఫ్ షరతు, సున్నాకో ఇఫ్ షరతు పెట్టుకుంటూ పోయా.

కావలి: అవన్నీ తీసెయ్. ఒక్క రెగెక్స్, అంటే అక్షరాల వరుసని పట్టే నమూనా, చాలు. హల్లూ పొల్లూ జత ఎన్నిసార్లయినా రావచ్చు, తర్వాత ఒక హల్లు, ఉంటే గుణింతం, ఉంటే అరసున్నా, సున్నా, విసర్గ. అచ్చుకి ఇంకో కొమ్మ. చివర పొల్లు మిగిలితే ముందక్షరానికే. ఆ నమూనాకి సరిపోయినవన్నీ ఏరే ఫైండాల్ ఇచ్చిన జాబితా పొడవే నీ లెక్క. గురులఘువుల్ని కూడా ప్లస్‌తో అతికించుకుంటూ పోవద్దు, స్ట్రింగు మారదు కాబట్టి కొత్తది పుట్టించాల్సొస్తుంది. జాబితాలో వేసి ఆఖర్న ఒక్కసారి జాయిన్ చెయ్.

కందుకూరు: లెక్క సరే, మాట సంగతేంది? గణం కోసమే ఉకారం తీశాడంటే నేనొప్పుకోను. "ట్పా" అన్నప్పుడు పళ్ళు బిగిసిన సింహం కనబడుతుంది. చేటు (సంధిలో 'జే' అయింది), పాటు రెండూ కీడే ఇక్కడ.

ఒంగోలు: మాస్టారూ, పాటు 'పడు' నుంచి వచ్చింది. చేటు పడి ఉండటం, అంతే. వనవాస, అజ్ఞాతవాసాల్లో అర్జునుడు పడ్డ అగచాట్లే అవి.

కందుకూరు: ఆ బాధ మూడో పాదంలో "కాంతారనివాసఖిన్నమతి", అడవుల్లో ఉండి నొచ్చిన మనసు, అని విడిగా చెప్పాడుగా! ఒకే మాట రెండుసార్లు చెప్పే కవి కాదు తిక్కన. ఇక్కడిది సింహం ఆకలి మాత్రమే. అరణ్యపర్వశేషం రాసిన మా ఎర్రన అయితే ఆ గుహని ఇంకో పద్యమంతా వర్ణించేవాడు, అది వేరే అందం.

మూలాపేట: రెగెక్స్ పెట్టా, 19 వచ్చింది. పదమూడో అక్షరం జే, సింకి యతి కుదిరింది. ఇప్పుడు ఇంకోటి పట్టుకుంది. ఆ తర్వాత "మై నుండి"యా, "మై యుండి"యా? రెండింటికీ 19 అనే అంటోంది.