వైజాగ్‌లో రీ రిలీజ్ సెకండ్ షోకి ఇద్దరు ఆడవాళ్లం రావచ్చా?

మాది బరంపురం. నేను, మా వదిన ఒక్క రాత్రి కోసం వైజాగ్ రావాలనుకుంటున్నాం, పెళ్లికో గుడికో కాదు, పాత మాస్ సినిమా రీ రిలీజ్ చూడ్డానికి. 2022 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజుకి పోకిరి మళ్లీ వేసినప్పుడు జనం స్క్రీన్ ముందు ఎగురుతున్న వీడియోలు ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. 2006లో ఆ సినిమా వచ్చినప్పుడు వదిన ఇంటర్, ఇంట్లో పంపలేదు, ఆ వెలితి ఆవిడకి ఇంకా ఉంది. ఇప్పుడు ఏ సినిమా వేసినా సరే అంటోంది, రంగు కాగితాలు కత్తిరించి కవర్లో కట్టి బీరువాలో చీరల కింద దాచిపెట్టింది కూడా.

ఇక్కడా తెలుగు సినిమాలు ఆడతాయి గానీ మాకు ఆ గోల, ఆ ఈలలు కావాలి. సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది కదా, జగదాంబ జంక్షన్ నుంచి స్టేషన్‌కి ఆ టైంలో ఆటోలో వెళ్లడం పర్వాలేదా, లేక దగ్గర్లోనే రూమ్ తీసుకోవాలా? ఫ్యాన్స్ గోలలో బాల్కనీలో ఆడవాళ్లు కూర్చోగలరా? కాగితాలు లోపలికి తేనిస్తారా? టెన్షన్ అంతా రాత్రి గురించే, తెల్లారితే బీచ్ రోడ్డులో కాసేపు కూర్చుని రైలెక్కేస్తాం. అలా వెళ్లొచ్చిన అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.