ఒహాయోలో మా అబ్బాయి కొన్న పాత ఎమ్‌ఆర్‌2: ఏ క్లాసులో దింపాలి?

దాసన్నపేట షెడ్డు:

అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి రాస్తున్నాను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంటిని ఆనుకుని చిన్న షెడ్డు వేసుకుని, చేతులు ఊరుకోక తెలిసినవాళ్ళ బళ్ళు చూస్తుంటాను. బస్సు ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పమంటే చెబుతాను గానీ, ఈ రేసుల సంగతి నాకు కొత్త.

మా అబ్బాయి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇల్లు కొంటాడని వాళ్ళ అమ్మ ఎదురుచూస్తుంటే 1991 నాటి టయోటా ఎమ్‌ఆర్‌2 కొన్నాడు. రెండే సీట్లు. ఇంజిను సీట్ల వెనుక, వెనుక ఇరుసుకు కాస్త ముందు. పెళ్ళయ్యాక పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతావని ఆవిడ అడిగింది. దానికి ఇంతవరకు జవాబు రాలేదు. నాకు మాత్రం బండి నచ్చింది, ఆ మాట ఇంట్లో పైకి అనను.

టర్బో లేని 2.2 లీటర్ల ఇంజిను, 130 హార్స్‌పవర్, ఐదు గేర్లు. ఫోను బండి కింద పెట్టించి వీడియోలో అంతా చూశాను. పాత యజమాని 17 అంగుళాల వెడల్పు చక్రాలు వేశాడు. స్ప్రింగులు, షాకులు తీసి బండి ఎత్తు తగ్గించే కాయిలోవర్లు బిగించాడు. గాలి గొట్టం మార్చి చివర శంకువులాంటి ఫిల్టరు పెట్టాడు. కేటలిటిక్ కన్వర్టరు తరువాతి సైలెన్సరు కూడా మార్చాడు. అసలు స్ప్రింగులు, 14 అంగుళాల చక్రాలు పారేయకుండా బండితోపాటే ఇచ్చాడు, బుద్ధిమంతుడు.

వాడు ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) పోటీల్లో పాల్గొంటానంటున్నాడు. 1944లో పుట్టిన క్లబ్బట. రూల్సు పుస్తకం నాకూ పంపాడు, డిపోలో కూడా అంత లావు పుస్తకం చూడలేదు. స్ట్రీట్, స్ట్రీట్ టూరింగ్, స్ట్రీట్ మాడిఫైడ్, ప్రిపేర్డ్, మాడిఫైడ్... ఒక్కొక్కదానిలో మళ్ళీ అక్షరాలు. వాడి స్నేహితుడొకడు క్యామ్రీ వీ6 ఇంజిను ఎక్కించమంటున్నాడు. ఇంకొకడు బండి లోపల కేజ్, అంటే బోల్తా కొట్టినా మనిషిని కాపాడే ఇనుప గొట్టాల చట్రం, వెల్డింగు చేయించి నేరుగా రోడ్ రేసులోకి దిగమంటున్నాడు. వాడి చేతిలో డబ్బు ఎక్కువ లేదు, అదే బండిలో ఆఫీసుకు వెళ్ళాలి. ఏ క్లాసు నప్పుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి గట్టు:

మాస్టారూ, మాది శ్రీకాకుళం. మిషిగన్‌లో ఉన్నన్నాళ్ళూ నేను మొదటి తరం ఎమ్‌ఆర్‌2తో, అంటే 1.6 లీటర్ల ఇంజిను బండితో, ఆటోక్రాస్ అనే కోన్ల పోటీ ఆడాను. వీ6 మాట, కేజ్ మాట ముందు పక్కన పెట్టించండి. ఎందుకో చెబుతాను.

క్లాసును తేల్చేది ఇంజిను ఎక్కడుందన్నది కాదు, పాత యజమాని ఏమి మార్చాడన్నది. స్ట్రీట్‌లో దాదాపు కంపెనీ నుంచి వచ్చిన బండే ఉండాలి. షాకులు మార్చుకోవచ్చు, స్ప్రింగులు మాత్రం అసలువే ఉండాలి. మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ, అంటే యాంటీ-రోల్ బార్, ముందుదో వెనుకదో ఒక్కటి మార్చుకోవచ్చు. కన్వర్టరు తరువాతి సైలెన్సరు మీ ఇష్టం, బ్రేకు ప్యాడ్లు మీ ఇష్టం. ఫిల్టరు లోపలి అట్ట మార్చవచ్చు గానీ గాలి గొట్టం మార్చకూడదు. టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకె 200కు తగ్గకూడదు. చక్రం వెడల్పు అసలుదే ఉండాలి, వ్యాసం ఒక అంగుళం అటూఇటూ పోవచ్చు.

ఈ చివరి రూలు మీ అబ్బాయికి కలిసొస్తుంది. 14 అంగుళాల్లో మంచి పోటీ టైర్లు దొరకడం కష్టం. 1993 నుంచి అదే బండికి కంపెనీవాళ్ళే 15 అంగుళాల చక్రాలిచ్చారు, వెడల్పు 1991 చక్రాలదే: ముందు 6 అంగుళాలు, వెనుక 7. పాతవి ఒక సెట్టు వెతికి కొనమనండి. ఆఫ్‌సెట్, అంటే చక్రం మధ్యగీత నుంచి బిగించే ముఖానికి ఉన్న దూరం, పావు అంగుళం కన్నా మారకూడదు కాబట్టి కొనేముందు కొలవాలి. అంతే గానీ 1993 బండి సస్పెన్షన్ చేతులు తెచ్చి 1991 బండికి తగిలిస్తే స్ట్రీట్‌లో ఒప్పుకోరు.

ఇప్పుడున్నట్టే తీసుకెళ్తే కాయిలోవర్లు, గాలి గొట్టం కలిసి బండిని స్ట్రీట్ టూరింగ్‌లోకి తోసేస్తాయి. అక్కడివాళ్ళు స్ప్రింగులు, చక్రాలు, ఎగ్జాస్ట్, సీట్లు, రూల్సు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు మార్చుకుని వస్తారు. సగం మార్పులతో, 130 హార్స్‌పవర్‌తో వాళ్ళ మధ్యకు వెళ్ళడం దేనికి? వీ6 ఎక్కిస్తే ఇంకా ఘోరం. రెండు సీట్ల బండిలో ఇంజిను మారిస్తే సూపర్ స్ట్రీట్ మాడిఫైడ్‌లో పడుతుంది. అక్కడ ఎదురయ్యేవి ఇంజిను నుంచి చక్రాల దాకా మార్చేసిన మాజ్డా ఆర్‌ఎక్స్-7లు, లోటస్ ఎలీజ్‌లు.

ఆటోక్రాస్ అంటే పెద్ద పార్కింగ్ స్థలంలోనో వాడకంలో లేని రన్‌వే మీదో రబ్బరు కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒక్కో బండి విడిగా పరుగెడుతుంది, నిమిషం అటూఇటూగా అయిపోతుంది. కోను పడితే రెండు సెకన్లు కలుపుతారు. ఈ బండికి ఇదే సరైన బడి. బరువంతా మధ్యలో ఉండటం వల్ల ముక్కు చిటికెలో తిరుగుతుంది, కానీ మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకు పడి, వెనుక టైర్లు పట్టు వదిలి, బండి గిర్రున తిరిగిపోతుంది. 1991, 92 బళ్ళకు ఈ చెడ్డపేరు ఎక్కువ. అందుకే కంపెనీ 1993లో సస్పెన్షన్ సవరించి, వెనుక టైరు వెడల్పును 205 మిల్లీమీటర్ల నుంచి 225కు పెంచింది. మీవాడు యాంటీ-రోల్ బార్ మార్చేటట్టయితే ముందుదే మార్చాలి. వెనుక చక్రాలకు కాస్త టో-ఇన్ పెట్టించండి, అంటే వాటి ముందు అంచులు కొద్దిగా లోపలికి తిరిగి ఉండాలి. అలా తిరిగిపోయినా అక్కడ తగిలేది కోనే, గోడ కాదు.

సాలూరు లారీ:

మాస్టారూ, మధ్యలో ఇంజినున్న బండి మనకు కొత్తేమీ కాదు. మారుతీ ఓమ్నీకి ఇంజిను ముందు సీట్ల కింద, శక్తి వెనుక చక్రాలకు. ఎండాకాలంలో మనమంతా ఆ ఇంజిను మీద కూర్చుని వేగినవాళ్ళమే. పెళ్ళిళ్ళకు పదిమందిని ఎక్కించిన ఘనత మీ ఎమ్‌ఆర్‌2కు ఎప్పటికీ రాదు.

వేళాకోళం పక్కన పెడితే, మావాడొకడు టెక్సాస్‌లో లెమన్స్ అనే పాత బళ్ళ రేసు ఆడుతున్నాడు. బండి 500 డాలర్లు దాటకూడదని 2006లో మొదలుపెట్టారు, జట్టుగా గంటల తరబడి నడుపుతారు. ఏ, బీ, సీ క్లాసుల్లో ఎందులో పడేయాలో జడ్జీలు బండి మొహం చూసి చెబుతారట. రూల్సు పుస్తకం బాధ లేదు. అదెలా ఉంటుంది?

ఎచ్చెర్ల కుర్రాడు:

నేను ప్రస్తుతం కొలంబస్‌లోనే ఉన్నాను అంకుల్. నాగావళి గారి మాటలు నిజమే గానీ, ముందే అంత విప్పదీయనక్కర లేదని నా అభిప్రాయం. చాలా చోట్ల కొత్తవాళ్ళకు నావిస్ క్లాసు ఉంటుంది. అందులో అన్ని రకాల బళ్ళనూ ప్యాక్స్ అనే గుణకంతో పోలుస్తారు. ఉదాహరణకు ఒక క్లాసు గుణకం 0.8 అనుకుంటే, 60 సెకన్లలో వచ్చినవాడికి 48 సెకన్లు రాస్తారు. మొదటి సీజనంతా కాయిలోవర్లతోనే నడిపి, చేయి తిరిగాక క్లాసు గురించి ఆలోచించవచ్చు కదా? హెల్మెట్ కూడా ఆటోక్రాస్‌కు స్నెల్ అనే పరీక్షా సంస్థ ముద్ర ఉన్న ఎమ్ (మోటారుసైకిల్) రకం సరిపోతుంది, ట్రాక్ మీద వాడే మంటను తట్టుకునే ఎస్ఏ రకం ఇప్పుడే కొనక్కర లేదు.

నాగావళి గట్టు:

తమ్ముడూ, ఆ గుణకం బండి ఏ క్లాసు మార్పులతో వచ్చిందో దాన్నిబట్టే ఇస్తారు. బండి స్ట్రీట్ టూరింగ్‌దైతే ఆ క్లాసులో పూర్తిగా తయారైన బండికి తగిన గుణకమే పడుతుంది. సగం తయారైన బండి అక్కడా నష్టపోతుంది. ఓడిపోతే పోయింది, నేర్చుకుంటాడంటే నాకు అభ్యంతరం లేదు. అయితే బిగుతైన కాయిలోవర్ల మీద నేర్చుకున్న చేయి అసలు స్ప్రింగుల మీదకు వచ్చాక మళ్ళీ మొదటికి వస్తుంది. పెట్టెలో అసలు సామాను ఉన్నవాడికి ఆ తిప్పలు దేనికి? హెల్మెట్ విషయంలో నీ మాటే నా మాట.

సాలూరు అన్నయ్యా, లెమన్స్ సరదా సరదాయే, కాదనను. కానీ తుప్పు లేని 1991 బండిని అందులో పడేయడం పాపం. పైగా అదీ, కేజ్ కట్టే రోడ్ రేసూ పక్కపక్కన పరుగెత్తే పోటీలు. ఎస్‌సీసీఏ ఇంప్రూవ్డ్ టూరింగ్ అనే ప్రాంతీయ క్లాసు పాత బళ్ళకు బాగానే ఉంటుంది. కానీ కేజ్, అగ్ని నిరోధక దుస్తులు, లైసెన్సు, బండిని లాక్కెళ్ళే ట్రైలరు, దాన్ని లాగే ఇంకో బండి కావాలి. ఒకసారి కేజ్ వెల్డింగు చేశాక అందులో ఆఫీసుకు వెళ్ళడం నరకం. మాస్టారికి తెలుసో లేదో, ఆ బండి పెట్రోలు ట్యాంకు రెండు సీట్ల మధ్య సొరంగంలో ఉంటుంది. వెల్డింగు నిప్పురవ్వలతో ప్రమాదం కాబట్టి ఆ పని చవగ్గా కానివ్వకూడదు.

ట్రాక్ మీద ఒంటరిగా కాలంతో పోటీ పడాలనిపిస్తే నాసా (నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్) అనే ఇంకో రేసుల సంఘం వాళ్ళ టైమ్ ట్రయల్ ఉంది. అక్కడ బరువుకూ హార్స్‌పవర్‌కూ ఉన్న నిష్పత్తి చూసి క్లాసు ఇస్తారు. సుమారు 1200 కిలోల బండికి 130 హార్స్‌పవరే కాబట్టి కింది మెట్టులోనే ఉంటాడు. అది బ్రేకులు, కూలింగు బాగు చేయించాకే.

దాసన్నపేట షెడ్డు:

అందరికీ ధన్యవాదాలు. నాసా అనగానే మా ఆవిడ వీడికి రాకెట్ల ఉద్యోగం వచ్చిందనుకుంది. కాదని చెప్పడానికి నాకు మనసు రాలేదు, మరునాడు వాడే చెప్పాడు.

స్ట్రీట్‌లోనే దించుతున్నాం. కాయిలోవర్లు, 17 అంగుళాల చక్రాలు అమ్మకానికి పెట్టాడు. ఆ డబ్బుతో కొత్త షాకులు, 15 అంగుళాల చక్రాలు వస్తాయని లెక్క. పెట్టెలన్నీ విప్పించి చూస్తే అసలు ఎయిర్ ఫిల్టరు డబ్బా లేదు. అది లేకుండా మిగతావన్నీ మార్చినా స్ట్రీట్ కాదు కదా. పాత బళ్ళ యార్డుల్లో వెతుకుతున్నాడు. అదే 2.2 ఇంజిను ఆనాటి క్యామ్రీలోనూ ఉంది గానీ డబ్బా ఆకారం వేరు, ఎమ్‌ఆర్‌2దే కావాలని గట్టిగా చెప్పాను.

నా అనుభవంలోంచి వాడికి చెప్పింది ఒక్కటే. రేడియేటరు ముందు, ఇంజిను వెనుక. నీళ్ళ గొట్టాలు బండి పొడవునా కింద నుంచి పోతాయి. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, ఆ గొట్టాలను తుప్పు తినేస్తుంది. వీడియోలో ఒక గొట్టం నల్లగా, పొక్కులు లేచినట్టు కనిపించింది. టైర్లకన్నా ముందు దాన్ని మార్చమన్నాను. మార్చాక గాలి బుడగ మిగలకుండా నీళ్ళు నింపడం పెద్ద పని. వెనుక ఇంజినున్న బస్సులతో ఈ తంటా నాకు బాగా తెలుసు. ముందుభాగం ఎత్తులో పెట్టాలా, సమంగా ఉంచాలా? రేడియేటరు దగ్గరా, హీటరు దగ్గరా గాలి వదిలే మరలున్నాయని మాన్యువల్లో ఉంది. ఏది ముందు విప్పాలి? నాగావళి గారూ, మీరు ఆ పని చేసే ఉంటారు.

నాగావళి గట్టు:

బండి సమంగా ఉంచండి మాస్టారూ. హీటరు పూర్తి వేడి మీద పెట్టాలి. రెండు మరలకూ సన్నని పారదర్శక గొట్టాలు తగిలించి, నీళ్ళు పోసే మూతకన్నా ఎత్తులో కట్టి, రెండూ ఒకేసారి వదలాలి. గొట్టాల్లో నీటిమట్టం మూత ఎత్తుకు వచ్చి, బుడగలు ఆగాక బిగించి, ఆ తరువాతే ఇంజిను తిప్పాలి. తొందరపడకుండా మెల్లగా పోయమనండి. ఎయిర్ ఫిల్టరు డబ్బా కోసం నా పాత జట్టులో అడుగుతాను. అమెరికాలో అమ్మిన 1991 నాటి టర్బో లేని బండిదైతే చాలు.