ముందు అద్దానికి రాయి తగిలింది: ఇన్సూరెన్స్‌లో పెట్టాలా, జేబులోంచి కట్టాలా?

కోదాడ_బలెనో

కారు 2022 బలెనో పెట్రోల్, 1197 సీసీ. ఎన్‌హెచ్ 65 మీద చిట్యాల దాటాక కంకర టిప్పర్ నుంచి రాయి ఎగిరి ముందు అద్దానికి తగిలింది. డ్రైవర్ వైపు కింది మూల నుంచి పగులు జానెడు పైకి పాకింది. పాలసీ ఫుల్ ఇన్సూరెన్స్, బంపర్ టు బంపర్ (విడిభాగాలకు తరుగుదల కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్) ఉంది, కన్స్యూమబుల్స్ (పేస్టు లాంటి వాడితే అయిపోయే సామాను) కవర్ లేదు. ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఇప్పుడు 35 శాతం. రెన్యువల్‌కి ఇంకా 4 నెలలుంది. ఎన్‌సీబీ తీసెయ్యకముందు ఓన్ డ్యామేజ్ (ఓడీ, సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియం 6,800.

షోరూమ్ ఎస్టిమేట్ 9,800: అద్దం 6,700, లేబర్ 1,300, పేస్ట్ కిట్టు 900, బీడింగు క్లిప్పులు 900. బయట అద్దాల షాపులో అన్నీ కలిపి 6,000 అంటున్నారు.

అడగాల్సినవి మూడు. అద్దానికి డిప్రిసియేషన్ (తరుగుదల) కోస్తారా? ఒక్క అద్దం క్లెయిమ్‌కి ఎన్‌సీబీ మొత్తం పోతుందా? బయట షాపులో వేయిస్తే క్లెయిమ్ వస్తుందా?

---

సర్వే_బల్ల

మూడింటికీ వరసగా చెప్తానండి.

డిప్రిసియేషన్: గాజు భాగాలకు సున్నా. బంపర్ టు బంపర్ ఉన్నా లేకపోయినా, కారు రెండేళ్లదైనా తొమ్మిదేళ్లదైనా అంతే. రబ్బరు, ప్లాస్టిక్ వాటికి మాత్రం మామూలు పాలసీలో 50 శాతం కోస్తారు. అంటే మీ బిల్లులో బంపర్ టు బంపర్ వల్ల మిగిలేది ఆ 900 బీడింగులో సగం, 450 రూపాయలు. అద్దం కోసమని ఆ యాడ్-ఆన్ తీసుకునేవాళ్లు ఇది గమనించాలి. అది ఆదుకునేది బంపర్లు, హెడ్‌లైట్లు పోయినప్పుడు.

మీ చేతి నుంచి పడేది: కంపల్సరీ డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనం పెట్టుకోవాల్సిన వాటా, 1,000 (1500 సీసీ దాటిన కార్లకు 2,000). పేస్ట్ కిట్టును చాలా కంపెనీలు కన్స్యూమబుల్ కింద కొట్టేస్తాయి, అది 900. మొత్తం 1,900. కంపెనీ ఇచ్చేది 7,900. పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని వాలంటరీ డిడక్టిబుల్ 2,500 గానీ 5,000 గానీ పెట్టుకుని ఉంటే అదీ కలుస్తుంది. చాలామంది ఆన్‌లైన్‌లో టిక్కు పెట్టి మర్చిపోతారు, షెడ్యూల్ పేజీలో ఒకసారి చూడండి.

ఎన్‌సీబీ: అద్దమొక్కటే అయినా అది ఓన్ డ్యామేజ్ క్లెయిమే. క్లెయిమ్ పాసైతే వచ్చే రెన్యువల్‌కి ఎన్‌సీబీ సున్నాకి పడుతుంది. కొన్ని పాలసీల్లో అద్దం క్లెయిమ్‌ను లెక్కలోకి తీసుకోమని విడిగా రాసి ఉంటుంది, లేదా ఎన్‌సీబీ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటుంది. ఏజెంటు ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు, పాలసీ వర్డింగ్‌లో ఆ వాక్యం కనపడాలి.

బయట షాపు: వస్తుంది, రీయింబర్స్‌మెంట్ కింద (ముందు మీరు కట్టి, తర్వాత కంపెనీ నుంచి తీసుకోవడం). కానీ ముందు కంపెనీకి ఇంటిమేషన్ (సమాచారం) ఇచ్చి, పగిలిన అద్దం కారుకు ఉండగానే తనిఖీ అయిపోవాలి. అద్దం మార్చేసి బిల్లు పట్టుకొస్తే ఎవరూ చూడరు. జీఎస్‌టీ బిల్లు కావాలి, తెల్లకాగితం బిల్లు పనికిరాదు.

---

వడ్డీలెక్క

మొదటి ఏడాది పోయే ఎన్‌సీబీ ఒక్కటే లెక్కేసి చాలామంది పొరపాటు పడతారు. సున్నాకి పడ్డాక మళ్లీ 20, 25, 35, 45, 50 అంటూ మెట్లెక్కాలి. తేడా అయిదేళ్లు సాగుతుంది. మీ కేసులో క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే రెన్యువల్‌కి 45, ఆ తర్వాత నుంచి 50. పెడితే 0, 20, 25, 35, 45. ఏడాదికేడాది తేడా 45, 30, 25, 15, 5. కూడితే 120 శాతం.

ఐడీవీ (పాలసీలో కారుకు కట్టే విలువ) తగ్గేకొద్దీ ఓడీ ప్రీమియం కూడా దిగుతుంది కాబట్టి ఏటా 400 తగ్గుతుందని వేసుకుందాం:

6,800 లో 45 శాతం 3,060
6,400 లో 30 శాతం 1,920
6,000 లో 25 శాతం 1,500
5,600 లో 15 శాతం 840
5,200 లో 5 శాతం 260

మొత్తం 7,580. ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ కూడా ఉందిగా, కలిపితే 8,900 పైమాటే. ఆ మీద మీ చేతి నుంచి పడే 1,900. క్లెయిమ్ పెడితే ఈ అద్దం మీకు 10,800కి పడుతుంది. షోరూమ్‌లోనే సొంతంగా కట్టినా 9,800, బయట 6,000. పెట్టకండి.

మిగతావాళ్ల కోసం: ఇప్పుడున్న ఎన్‌సీబీ సున్నా అయితే అయిదేళ్లలో పోయేది ఏడాది ఓడీ ప్రీమియంలో 50 శాతం. 20 ఉంటే 80, 25 ఉంటే 105, 35 ఉంటే 120, 45 గానీ 50 గానీ ఉంటే 125. దీనికి డిడక్టిబుల్ కలపండి. బిల్లు అంతకన్నా బాగా ఎక్కువైతేనే క్లెయిమ్.

---

మానుకోట_పోరడు

ఇన్నేండ్ల సంది ప్రీమియం కడుతున్నం గదా అన్నా, పగిలిన అద్దానికి గూడ జేబుకెల్లే పెట్టుకుంటే ఇగ ఇన్సూరెన్స్ ఎందుకు? అమెరికాల మా బావోళ్లకైతే అద్దం పగిలితే పైస గూడ తీస్కోరంట.

---

సర్వే_బల్ల

అది అమెరికా అంతటా లేదు తమ్ముడూ. ఫ్లోరిడా, కెంటకీ, సౌత్ కరొలైనా రాష్ట్రాల్లో కాంప్రహెన్సివ్ కవరేజ్ ఉంటే ముందు అద్దానికి డిడక్టిబుల్ వెయ్యకూడదని చట్టమే ఉంది. వేరే రాష్ట్రాల్లో కొన్నిచోట్ల గ్లాస్ కవర్ విడిగా కొనుక్కోవాలి, లేకపోతే మామూలు డిడక్టిబుల్ అద్దం ఖరీదు కంటే ఎక్కువ ఉంటుంది, క్లెయిమ్ పెట్టినా దండగే. మీ బావ ఏ రాష్ట్రమో కనుక్కో.

ఇక్కడ క్లెయిమ్ పెట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఈ పాలసీ ఏడాదిలో ఇప్పటికే ఒక క్లెయిమ్ తీసుకుని ఉంటే ఎన్‌సీబీ ఎలాగూ పోయింది, రెండోదానికి కొత్తగా పోయేదేమీ లేదు. డిడక్టిబుల్ కట్టి పెట్టేయడమే. కాకపోతే బంపర్ టు బంపర్‌లో ఏడాదికి ఇన్ని క్లెయిములే అనే పరిమితి ఉంటుంది, ఎక్కువగా రెండు. కొత్త కారు, ఎన్‌సీబీ సున్నా అయితే కూడా పెట్టొచ్చు. అద్దం వెనక అడాస్ (లేన్ అసిస్ట్, ఆటో బ్రేక్ లాంటి డ్రైవింగ్ సాయాల) కెమెరా ఉన్న కార్లకు బిల్లు వేరే లెవెల్లో ఉంటుంది, అక్కడ వడ్డీలెక్క గారి లెక్క తిరగబడుతుంది. ఆ ఎస్టిమేట్‌లో కెమెరా క్యాలిబ్రేషన్ (కెమెరాను మళ్లీ సరిగ్గా సెట్ చేయడం) విడి లైనుగా రాయించండి. తనిఖీ అప్పుడు ఎస్టిమేట్‌లో లేనిది తర్వాత బిల్లులో వస్తే పేచీ. క్యాలిబ్రేషన్ లేకుండా బండి తీసుకున్నారంటే లేన్ అసిస్ట్, ఆటో బ్రేక్ తప్పుడు చోట పనిచేస్తాయి.

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు సొంత అద్దానికి రూపాయి రాదు. టిప్పర్ వాడి థర్డ్ పార్టీ మీద వెళ్లడం కాగితం మీద సాధ్యమే. నంబరు, సాక్ష్యం, కేసు ఇవన్నీ ఆరు వేల అద్దానికి ఎవరు చేస్తారు?

ఎక్కువ క్లెయిములు ఎగిరిపోయేది ఎక్కడంటే, కారణం దగ్గర. రాయి తగిలిన చోట అద్దం పైపొర చిట్లి చిన్న గుంట పడుతుంది. గోరుతో పగులు మీద గీస్తూ పోతే అక్కడ గోరు ఆగుతుంది. ఫొటోలో అది దగ్గరగా పడాలి, వెనక నల్లగుడ్డ పెట్టి తీస్తే స్పష్టంగా వస్తుంది. గుంట ఎక్కడా లేకుండా అంచు నుంచి వంకరగా గీత ఒక్కటే వచ్చిందంటే దాన్ని స్ట్రెస్ క్రాక్ అంటాం: బిగించడంలో లోపమో, బాడీ ఒత్తిడో. బయటి దెబ్బ లేదని కంపెనీ కాదనొచ్చు. కారు వారంటీలో ఉంటే ముందు అక్కడ అడగాలి.

రెండోది, పాలసీ మురిగిపోయి మళ్లీ తీసుకున్నప్పుడు తీసిన ఇన్‌స్పెక్షన్ వీడియో. అందులో ఆ గీత ఉంటే పాత డ్యామేజ్ అని తేల్చేస్తారు. మూడోది, ఎప్పుడో గీరుకున్న బంపర్ని కూడా ఈ రాయి ఖాతాలో రాయడం. ఒక రాయి అద్దాన్నీ వెనక డోరునీ కొట్టదు. వేర్వేరు సంఘటనలైతే వేర్వేరు క్లెయిములు, ప్రతిదానికీ డిడక్టిబుల్.

కావాల్సిన కాగితాలు ఆర్‌సీ, ఆ సమయంలో నడిపిన మనిషి లైసెన్సు, పాలసీ, క్లెయిమ్ ఫారం, కేవైసీ. క్యాష్‌లెస్ కాకపోతే క్యాన్సిల్డ్ చెక్కు. రాయి తగిలినదానికి ఎఫ్‌ఐఆర్ మామూలుగా అడగరు. ఎవరైనా కావాలని పగలగొడితే మాత్రం పోలీసు కంప్లెయింట్ ఉండాలి.

---

కోదాడ_బలెనో

లెక్క అర్థమైందండి, క్లెయిమ్ పెట్టను. ఒక్క మాట, పగులును రెజిన్‌తో అతికిస్తారని విన్నాను. అది సరిపోదా? సరిపోకపోతే బయట షాపులో వేయించేటప్పుడు ఏం చూసుకోవాలి?

---

అద్దాలషెడ్డు

జానెడు పాకింది, పైగా మూల అంచును తాకింది అంటున్నారు. అది రెజిన్ పని కాదు. రెజిన్ చిన్న చిప్పులకి, రూపాయి బిళ్ల కింద దాగేంత దెబ్బకి. అదీ డ్రైవర్ కళ్లకు సూటిగా ఉండే చోట వద్దు, అతికించాక కూడా మచ్చ కనపడుతుంది, రాత్రి ఎదుటి లైట్లకి చెదురుతుంది. చిప్పు పడిన రోజే దాని మీద సెల్లోటేపు వేసేయాలి. దుమ్ము, షాంపూ నీళ్లు లోపలికి దిగితే రెజిన్ పట్టదు. ఎండలో నిలబెట్టిన బండిలో ఎక్కగానే ఏసీ గాలి అద్దం మీదకు తిప్పడం, వేడి అద్దం మీద చన్నీళ్లు కొట్టడం, ఈ రెండింటితోనే చిప్పు కాస్తా గీతవుతుంది.

ముందు అద్దం లామినేటెడ్, రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర. అందుకే పగిలినా రాలలేదు. కొత్తది పెట్టకముందు మూలన అచ్చు చూడండి: తయారీ పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553. అచ్చు లేని అద్దం ఎంత చవకైనా వద్దు. సెయింట్ గోబెయిన్, ఏఐఎస్ రెండూ కార్ల కంపెనీలకు వేసేవే, షోరూమ్ డబ్బాలో వచ్చేదీ అలాంటిదే. ధరలో తేడా ఎక్కువగా డబ్బా మీది లోగోకి.

అసలు సంగతి పేస్టులో ఉంది. యురేథేన్ కావాలి, సిలికాన్ కాదు. బాత్రూంలో వాడే సీలెంట్ లాంటిది పూసి ఆరువేలకు చేశామనే షాపులూ ఉన్నాయి. ట్యూబు మీద ఎక్స్‌పైరీ తేదీ మీ కళ్లతో చూడండి, తేదీ దాటింది సరిగ్గా గట్టిపడదు. ప్రమాదంలో ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు చాలా కార్లలో అద్దానికే ఆనుకుంటుంది. అతుకు వదిలితే అద్దం ఊడి బయట పడుతుంది, బ్యాగుకి ఆధారం ఉండదు.

పని జరిగేటప్పుడు దగ్గర నిలబడండి. పాత అద్దం వైరుతో కోసి తీశాక పాత పేస్టును మొత్తం గీకెయ్యకూడదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉంచి దాని మీదే కొత్తది పట్టించాలి. కత్తి తగిలి ఇనుము బయటపడిన చోటల్లా ప్రైమర్ పూయాలి. పూయకపోతే ఏడాదికి అక్కడ తుప్పు, ఆపైన వర్షాకాలంలో డ్యాష్‌బోర్డు కిందికి నీళ్లు. కొత్త అద్దం అంచున నల్లపట్టీ తుడిచి ప్రైమర్ వేశాక దాన్ని వేలితో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు చాలు అతుకు పాడవడానికి. పేస్టు ఒకే తీగలా, మధ్యలో తెగకుండా తిరగాలి. తెగిన చోట తర్వాత 80 స్పీడులో ఈల వేస్తుంది. అద్దం దించేటప్పుడు ఇద్దరు ఉండాలి, వాక్యూమ్ కప్పులతో, ఒకేసారి. పెట్టాక ఎత్తి మళ్లీ సర్దితే పేస్టు నలిగిపోతుంది.

ట్యూబు మీద ఎంతసేపటికి నడపొచ్చో రాసి ఉంటుంది, అంతసేపు షాపులోనే ఉంచండి. మర్నాటి దాకా ఒక కిటికీ వేలెడు దించి పెట్టండి, లేకపోతే డోరు గట్టిగా వేసినప్పుడు లోపలి గాలి అద్దాన్ని బయటికి తోస్తుంది. రెండు రోజులు ప్రెషర్ వాషింగ్ వద్దు. ఆ తర్వాత పైపుతో మెల్లగా కింది నుంచి పైకి నీళ్లు పట్టి లోపల తడి చూసుకోండి. వైపర్ బ్లేళ్లు పాతవైతే ఆ రోజే మార్చెయ్యండి, అరిగిన బ్లేడు కొత్త అద్దాన్ని వారంలో గీస్తుంది.

---

వడ్డీలెక్క

ఫాస్టాగ్ ఎవరూ చెప్పలేదు. పాత అద్దం మీది ట్యాగు పీకితే చిరిగిపోతుంది, అలా తయారు చేశారు. పగిలిన ముక్కను డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని టోల్ దగ్గర చేత్తో చూపించడం కుదరదు, అతికించని ట్యాగుల్ని బ్లాక్‌లిస్టులో పెడుతున్నారు. అద్దం మార్చే రోజుకి నాలుగు రోజుల ముందే మీ బ్యాంకు యాప్‌లో రీప్లేస్‌మెంట్ ట్యాగు పెట్టుకోండి. బ్యాలెన్సు అదే ఖాతాలో ఉంటుంది. కొత్త ట్యాగు ఆన్ కాకుండా కోదాడ నుంచి హైదరాబాద్ బయల్దేరితే కొర్లపహాడ్, పంతంగి రెండు చోట్లా పడుతుంది: 2025 నవంబరు 15న మొదలైన రూలులో నగదుకు రెట్టింపు, యూపీఐకి ఒకటింపావు వంతు పెట్టారు.

---

కోదాడ_బలెనో

ట్యాగు ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. షెడ్డు అన్నా, సన్ ఫిల్మ్ కూడా అదే రోజు వేయించొచ్చా?

---

అద్దాలషెడ్డు

ఆ రోజు వద్దు. ఫిల్మ్ వేసేటప్పుడు నీళ్లు కొడతారు, గరిటెతో అద్దాన్ని నొక్కుతారు. ముందు పేస్టు పూర్తిగా గట్టిపడనివ్వండి. ముందు అద్దంలోంచి 70 శాతం వెలుతురు రావాలన్నది రూలు, కంపెనీ అద్దమే దాదాపు ఆ హద్దులో ఉంటుంది, దాని మీద ఏ ముదురు ఫిల్మ్ వేసినా చలానాయే.