మత్తులేని సీబీజీ హెంప్‌ను మన సీమలో వేయనివ్వాలా?

రైతుబిడ్డ, కళ్యాణదుర్గం:
వేరుశనగ మీద నాకు ఆశ పోయింది. హెంప్ అంటే నారకూ గింజకూ పెంచే గంజాయి జాతి మొక్క. అందులో సీబీజీ అనే పదార్థం ఎక్కువగా ఉండే రకాలున్నాయి, వాటిలో మత్తు ఉండదు. ఫ్రాన్స్‌లో శాంటికా అనే రకం అలాంటిదే. ఉత్తరాఖండ్ 2018లోనే హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చింది. మనకెందుకు వద్దు?

సీడ్ రైతు, నంద్యాల:
తమ్ముడూ, నేను పత్తి సీడ్ చేయించేవాణ్ని, విత్తనం వైపు నుంచే చెబుతాను. గంజాయి జాతి మొక్క మొదట తయారుచేసేది సీబీజీ ఆమ్లమే. తర్వాత ఎంజైములు దాన్ని టీహెచ్‌సీ (మత్తునిచ్చేది) ఆమ్లంగానో సీబీడీ (మత్తు లేనిది) ఆమ్లంగానో మార్చేస్తాయి. అందుకే మామూలు మొక్క ముదిరేసరికి సీబీజీ సాధారణంగా ఒక శాతం కూడా మిగలదు. సీబీజీ రకంలో ఆ మార్చే ఎంజైము సరిగా పనిచేయదు, అంతే తేడా. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ చెడిన జన్యువే వస్తేనే ఆ గుణం నిలుస్తుంది.

ఇందులో బొప్పాయిలాగా సాధారణంగా ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. పుప్పొడి గాలికి కిలోమీటర్లు పోతుంది. ఎవరో దొంగచాటుగా పెంచిన గంజాయి పుప్పొడి నీ చేలో పడిందనుకో, ఈ ఏటి పంటకు మత్తు రాదు. ఆ గింజ దాచుకుని మళ్లీ వేస్తే మాత్రం మత్తు మొక్క మొలుస్తుంది. కేసు నీ మీద పడుతుంది.

రైతుబిడ్డ, కళ్యాణదుర్గం:
ఏటా కొత్త విత్తనమే కొంటాం అన్నా. పత్తికి కొనడం లేదా?

లాయర్, కడప:
విత్తనం కొన్నా చట్టం చిక్కు తీరదండీ. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 14వ సెక్షన్ కింద నార కోసం, గింజ కోసం, ఉద్యాన అవసరాలకు ప్రభుత్వం సాగును అనుమతించవచ్చు. కానీ సీబీజీ ఎక్కువగా ఉండేది పూతలో. ఆ చట్టం ప్రకారం పూత కొసలే గంజాయి. అందులో టీహెచ్‌సీ ఎంత శాతమని నిర్వచనం అడగదు.

సీడ్ రైతు, నంద్యాల:
ఇంకో సంగతి. ఫ్రాన్స్ రకాలు అక్కడి పొడవాటి పగళ్లకు అలవాటుపడ్డవి. మన దగ్గర ఎండాకాలంలో కూడా పగలు పదమూడు గంటలే, మొక్క ఎదగకముందే పూతకొస్తుంది. అంటే ఇక్కడి పగటికి సరిపడే రకంతో క్రాస్ చేయాలి. ఆ రకంలో మత్తు ఉంటే మొదటి తరం మొక్కలన్నిటికీ వస్తుంది. రెండో తరంలో నాలుగింట ఒకటే సీబీజీ మొక్క. మిగతా మూడింటిని మొలకలోనే ఆకు ముక్కకు డీఎన్‌ఏ పరీక్ష చేసి పీకేయాలి. అది రైతు చేలో జరిగే పని కాదు.

కాబట్టి నేను అడిగేది సాగు అనుమతి కాదు. నంద్యాల పరిశోధన స్థానానికి లైసెన్సు ఇచ్చి, పుప్పొడి బయటికి పోని గదుల్లో ఈ క్రాసింగ్ చేయనివ్వాలి. మన వానకు, మన పగటికి నిలిచే విత్తనం చేతికొచ్చాక అప్పుడు నీ చేను సంగతి మాట్లాడుకుందాం తమ్ముడూ.

రైతుబిడ్డ, కళ్యాణదుర్గం:
అందాకా ఎన్నేళ్లు పడుతుందన్నా? మా నాన్న ఈ ఖరీఫ్‌కే అప్పు తెచ్చాడు.