ఈదురుగాలి అంటే చలిగాలా, పెనుగాలా?

ఏడో తరగతి పిల్లల కోసం మా వైపు గాలుల పేర్లు చార్టులో రాస్తున్నా. వడగాలి, సుడిగాలి, పైరగాలి తేలిపోయాయి. వాయుగుండానికీ తుపానుకీ తేడా వాతావరణ శాఖ లెక్కతోనే తెగింది: గాలి వేగం గంటకు 31 నుంచి 49 కి.మీ. అయితే వాయుగుండం, 61 వరకూ తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. ఈదురుగాలి దగ్గరే ఆగిపోయా.

మాది చిత్తూరు జిల్లా పలమనేరు పక్కన పల్లె. డిసెంబరులో సన్న తుంపరతో చలిగాలి తోలితే మా అవ్వ "ఈదర కొడతా ఉండాది, తలుపు మూయి నాయనా" అంటుంది. నిఘంటువులోనూ ఈదర అంటే చలిగాలే. మరి మే నెలలో పగలంతా ఉక్కపోసి, సాయంత్రం నాలుగింటికి ఉరుములతో గాలి లేచి తోతాపురి మామిడికాయలు నేలపాలైతే, పేపర్లో "ఈదురుగాలుల బీభత్సం" అని వస్తుంది. అందులో చలెక్కడ? అవ్వనడిగితే "అది గాలీవాన" అని కొట్టిపారేసింది. బడిలో తెలుగు అయివారు రెండూ ఒకటేనన్నాడు, ఎట్లాగో చెప్పలేదు.

మీ ఊళ్లో పెద్దవాళ్లు ఈదర, ఈదురుగాలి అని ఏ నెలలో, ఎలాంటి గాలిని అంటారు? ఊరి పేరుతో సహా చెప్పగలరా?